ఈ టర్బో ఏ బండిది?

“సేఠ్ లేడా?” గోనెసంచిని స్పేర్ పార్ట్స్ దుకాణం బల్ల మీద పెట్టకుండానే అడిగాడు ఆ మనిషి.

“నేనే సేఠ్‌ని. ఏం గావాలె?” అంది సుకన్య, ఫోన్ పక్కన పెడుతూ. తమ్ముడు ధర్మరాజుకు పొద్దుటి నుంచి చేస్తూనే ఉంది. రింగవుతోంది, ఎత్తడం లేదు. కంపెనీ స్టాఫ్‌ను దింపడానికి నిన్న వ్యాను తీసుకుని మేడ్చల్ వైపు వెళ్లినవాడు ఇంతవరకు ఇల్లు చేరలేదు.

ఆ మనిషి వీధి వైపు ఒకసారి చూసి సంచి విప్పాడు. ఇంజనులోకి గాలి తోసే టర్బో, మసిబారి ఉంది. నత్తగుల్లలాంటి దాని మూతిలోంచి నల్లనూనె బల్ల మీదికి కారింది.

“సేమ్ గిదే గావాలె. రాణీగంజ్ అంత తిరిగిన. ఎవ్వల దగ్గర లేదన్నరు.”

“ఏ బండిది?”

“వ్యాను.”

“వ్యాను అంటే ఎట్ల? ఒక్కటే మోడల్‌కు రెండు మూడు రకాలొస్తయి. చూస్తే ఒక్క తీరుగనే ఉంటయి, తప్పుది బిగిస్తే ఇంజను ఖరాబైతది. ఇంజను నంబరున్నదా?”

“లేదు.” అతని చెయ్యి జేబు మీదికి పోయి ఆగింది. “మా దోస్తు బండి.”

సుకన్య లోపలి చక్రాన్ని వేలితో కదిపింది. షాఫ్టు వదులుగా ఊగింది. రెక్కల అంచులు కొరికేసినట్టున్నాయి.

“ఆయిల్ చూస్కోకుండ నడిపిన్రు. ఉరికిచ్చి ఉరికిచ్చి టక్కున ఇంజను బంద్ జేసిన్రు. ఎవడో గని, వాని చేతులు విరగ్గొట్టాలె.”

అతను అర అడుగు వెనక్కి జరిగాడు.

ఆమె గుడ్డను డీజిల్‌లో ముంచి దాని మీది నంబరు ప్లేటు రుద్దింది. అంకెలు ఒక్కొక్కటే తేలాయి. చదువుతుండగానే పక్కనున్న కడ్డీ చివర ఏదో పసుపుపచ్చగా మెరిసింది. ఇత్తడి నట్టు. అసలుది దొరక్క నిరుడు తన చేత్తోనే బిగించిన నట్టు. ధర్మరాజు వ్యానుకు.

బండికి ఏమైనా అయితే వాడు నేరుగా తన దగ్గరికే రావాలి. ముక్కూమొహం తెలియని ఈ మనిషి దుకాణాలన్నీ ఎందుకు తిరుగుతున్నాడు? అతని చొక్కా అంచున ఎర్రటి మరక ఉంది. తుప్పు కావచ్చు. కాకపోవచ్చు.

“బండి యాడున్నది?” అడిగింది.

“బొల్లారం దిక్కు.” వెంటనే దిద్దుకున్నాడు. “కాదు, తిరుమలగిరి.”

“జెర ఆగు. లోపల ఉన్నదేమో చూస్త.”

అరల వెనక్కి వెళ్లి, పక్క దుకాణం అక్బర్ భాయ్‌కి ‘జల్దీ రా’ అని మెసేజ్ పెట్టింది. తర్వాత తమ్ముడి నంబరు నొక్కింది.

దుకాణంలోనే ఫోన్ మోగింది.

అరల సందులోంచి చూసింది. ఆ మనిషి జేబులోంచి ఫోన్ తీశాడు. తెర మీద పేరు చూసి, ఒకసారి అరల వైపు చూసి, పాము కనబడ్డట్టు అదిరిపడి కట్ చేశాడు. టర్బోను బల్ల మీదే వదిలేసి మెట్ల వైపు కదిలాడు.

మెట్ల మీద అక్బర్ భాయ్ నిలబడి ఉన్నాడు, చేతిలో ఇనుపరాడ్.

“ఏమైంది బేటీ?”

“ఈని జేబుల మా తమ్ముని ఫోనున్నది భాయ్. షట్టర్ గుంజు.”

షట్టర్ సగం దిగింది. దుకాణంలో చీకటి పడింది. సుకన్య పెద్ద పానా అందుకుని బయటికి వచ్చింది.

“నా తమ్ముడు బతికున్నడా, లేడా? అదొక్కటి చెప్పు.”

“ఉన్నడు,” అన్నాడతను, గోడకు ఆనుకుని. “ఇంజను నంబరు ఫోటో దాంట్ల ఉన్నదని ఫోన్ ఆయననే ఇచ్చిండు. బండి ఎవరిదో బయటపడ్తదని నీకు చూపెట్టలే. బొల్లారంల మా షెడ్డుల దాక్కున్నడు.”

దాక్కున్నాడంటే ఎవరో వెంటపడుతున్నారన్నమాట. ఎవరినైనా గుద్దేశాడా? పోయినవాళ్ల తరఫు మనుషులు వెతుకుతున్నారా?

“ఎవలకు భయపడి?”

అతను అక్బర్ భాయ్ రాడ్ వైపు చూడనైనా లేదు. ఆమె చేతిలోని పానానే చూస్తూ, మెల్లగా అన్నాడు.

“నీకే, అక్కా.”