ఆకుపచ్చ పొట్లం

చంద్రుడి పండగ వారంలో ఉందనగా తైవాన్‌లో, తైనాన్ ఊళ్ళోని ఒక కేకుల కొట్టు వెబ్‌సైటు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది.

కొట్టు నడిపే రుయ్‌చు తన తమ్ముడు కాయ్‌వెన్ మీద విరుచుకుపడింది. “అంతా నీ వల్లేరా, దద్దమ్మా! కంప్యూటరు బుద్ధిగా ఉండాలని దాని మీద పెట్టే ఆకుపచ్చ చిరుతిళ్ళ పొట్లం గడువు దాటితే చూసుకోవద్దూ? చెడిన పొట్లం పెడితే చెడు జరగదూ?”

“నీ అరుపులకి కేకులు పులిసిపోతాయి, ఆపు. సైటు నకలు దాచే ఉంచాను. గంటలో నిలబెడతా. ఆ పొట్లం ఏదీ?”

“ఎందుకు, మింగడానికా?”

“నకలున్న పెన్‌డ్రైవ్ దాని అడుగునే అతికించాను. ఈ ఊళ్ళో దొంగవెధవ కూడా ఆ పొట్లం ముట్టుకోడు కదాని.”

రుయ్‌చు గుమ్మంలోకి పరుగెత్తింది. ఇందాక తను ఆ పొట్లాన్ని చేతులారా విసిరేసిన చెత్తబండి, పాట పాడుకుంటూ వీధి మలుపు తిరిగింది.