సుధామయి గారి పందెం

“ఆంటీయే పంపించారా మిమ్మల్ని కేసినోకి?”

డీలర్ ముక్కలు కలుపుతుండగా అడిగాడు అనంత్. ఈ వీకెండ్ నయాగరా ట్రిప్పుకి భార్య ఇషితని ఒప్పించడానికి తనకి మూడు వారాలు పట్టింది. ముందు జలపాతం గురించి చెప్పి, హోటల్ బుక్ అయ్యాక పోకర్ టోర్నమెంట్ మాట మెల్లగా బయటపెట్టాడు.

“పంపడం కాదు, దగ్గరుండి తీసుకొచ్చింది. అదిగో,” అన్నారు పక్కసీటులోని పెద్దాయన.

చూసేవాళ్ళకి అడ్డంగా కట్టిన తాడు అవతలి కుర్చీల్లో, చీర మీద స్వెటర్ వేసుకున్న ఆవిడ ఒళ్ళో ఫ్లాస్కు పెట్టుకుని ఇటే చూస్తోంది.

పెద్దాయన పేరు శేషగిరి. ఉండేది స్కార్‌బరోలో. పొద్దున పేర్లు రాయించుకునే లైన్లో తెలుగు వినపడేసరికి అనంత్ తనే వెళ్ళి పలకరించాడు. అరవై ఆరేళ్ళు. ఎప్పుడో చదువుకునే రోజుల్లో రమ్మీ ఆడారట, పోకర్ మాత్రం నెల కిందటే నేర్చుకున్నారట. ఇప్పుడీ సరదా ఏమిటని అడిగితే, సరదా కాదు, ఇంట్లో పందెం అన్నారు.

“రిటైర్ అవ్వమని సుధామయి పోరు. నేనింకా పనికొస్తానని నా వాదన. ఇంట్లో ఎంత వాదించుకున్నా నా మాట తను నమ్మదు, తన మాట నేను నమ్మను. తెలియనివాళ్ళ మధ్య తేల్చుకుందాం అంది. పందెం పోతే సోమవారం నుంచి పని మానెయ్యాలి.”

“పేకాట మీద ఉద్యోగం పెట్టేశారా అంకుల్?”

“చోటు ఎంచింది ఆవిడే. ఊఁ అన్నాక తప్పుతుందా?”

రాని ఆట మీద పందెం కాస్తే మొగుడు ఓడక ఏం చేస్తాడు. ఆంటీ ఘటికురాలే అనుకున్నాడు అనంత్. ఇంకో మాట అనబోయేలోగా డీలర్ ముక్కలు పంచేశాడు. ఆట నడుస్తున్నంతసేపూ టేబుల్ దగ్గర ఇంగ్లిష్ తప్ప మాట్లాడకూడదు.

నిజానికి అనంత్‌కి జాలిపడేంత తీరిక లేదు. రెండేళ్ళుగా మార్కమ్ ఆఫీసులో లంచ్ టైమంతా పోకర్ వీడియోలకే ధారపోశాడు. వాటిల్లో బట్టీ పట్టిన సూత్రం ఒకటుంది. ఎదుటివాడి మొహం చూడకు, చేతులు చూడు. మొహం అబద్ధం ఆడగలదు, చేతులు ఆడలేవు. పందెం బిళ్ళలు, అదే చిప్స్, తోసే చెయ్యి వణికిందా, వాడికి బ్రహ్మాండమైన ముక్కలు పడ్డాయన్నమాట, మారు మాట్లాడకుండా తప్పుకో.

నలభై ఆరు మందితో మొదలైన ఆట మధ్యాహ్నానికి తొమ్మిదిమందికి దిగింది. ఆశ్చర్యంగా అంకుల్ ఇంకా ఉన్నారు. రెండుసార్లు ఆయన చిటికెన వేలు అదరడం అనంత్ కనిపెట్టాడు. రెండుసార్లూ ముక్కలు పడేసి తప్పుకున్నాడు.

బ్రేక్‌లో వాష్‌రూమ్‌కి వెళితే అంకుల్ అక్కడే ఉన్నారు. చొక్కా చేతులు పైకి మడిచి, మోచేతుల దాకా సబ్బు పట్టించి, గోళ్ళ సందులు కూడా వదలకుండా రుద్దుకుంటున్నారు. అనంత్ వచ్చేసరికీ అదే పని, వెళ్ళేసరికీ అదే పని. ఆటగాళ్ళకి రకరకాల సెంటిమెంట్లు ఉంటాయి, ఈయనకి ఇదొకటి కాబోలు అనుకున్నాడు.

బయట సుధామయి గారు ఇద్దరికీ టీ పోశారు. అనంత్‌కి కప్పు నిండా, భర్తకి సగమే. అంతలో ఆయనకి ఫోనొచ్చింది. “లేదు వంశీధర్, ఏడున్నరకే. నేనే వస్తాలే. ఏదైనా మారితే సాయంత్రంలోగా చెబుతా,” అని పెట్టేశారు.

“సోమవారం షిఫ్టా అంకుల్?”

“అలాంటిదే.”

నాలుగు గంటలకి ఇద్దరే మిగిలారు. అనంత్, అంకుల్.

అనంత్ చేతిలో రెండు నల్ల రాజులు. డీలర్ టేబుల్ మీద పరిచిన అయిదు ముక్కల్లో ఇంకో రాజు ఉన్నాడు. మిగతా నాలుగూ ఆఠీన్లే. అయిదో ఆఠీను అంకుల్ చేతిలో ఉంటే తన ముగ్గురు రాజులూ దండగ. ఉంటుందా? అనంత్ లెక్కలు వేసుకుంటుండగానే, అంకుల్ “ఆల్ ఇన్” అని తన చిప్స్ మొత్తం కుడిచేత్తో ముందుకి తోశారు.

చూపుడువేలు టపటపా కొట్టుకుంది. పైనున్న చిప్ జారి, దొర్లుకుంటూ వచ్చి అనంత్ ముందు పడింది.

అనంత్ తన రాజుల వంక మళ్ళీ చూసుకున్నాడు. నిమిషం ఆలోచించాడు. ముగ్గురు రాజుల్నీ వదిలేసుకున్నాడు.

అక్కడితో అతని నడుం విరిగింది. తర్వాతి రెండు ఆటల్లో మిగిలినవీ ఊడ్చుకుపోయాయి. చప్పట్ల మధ్య ఎవరో ట్రోఫీ తెచ్చి అంకుల్ చేతికిచ్చారు. అనంత్‌కి ఏడుపొక్కటే తక్కువ. అయినా తాడు దాటి వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు.

“కంగ్రాట్స్ అంకుల్. ఆంటీ, పందెం పోయింది మీది. సోమవారం అంకుల్ పనిలోకే.”

సుధామయి గారు నవ్వలేదు. భర్త మొహంలోకి చూశారు.

“ఒకటి అడగనా అనంత్?” అన్నారు శేషగిరి గారు. “ఆ పెద్ద ఆటలో ఎందుకు వదిలేశావు? నా దగ్గర ఆఠీను లేదు. అసలు ఏమీ లేదు.”

అనంత్ నోరు తెరుచుకుంది. “మరి మీ చెయ్యి వణికిందిగా. ఆఠీను పడితేనే అలా వణుకుతుంది అనుకున్నా.”

“వణికిందా? సరిగ్గా చూశావా?”

“చూశా అంకుల్. అప్పుడే కాదు, అంతకుముందు కూడా రెండుసార్లు.”

ఆయన ట్రోఫీని ఆవిడ చేతిలో పెట్టారు. కుడిచెయ్యి చాపి, వేళ్ళు విప్పి, కాసేపు దానివంకే చూసుకున్నారు. ఆవిడ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆయన ఎడమచేత్తో ఫోన్ తీశారు.

“వంశీ, సోమవారం ఆ బైపాస్ ఆపరేషన్ నువ్వే చెయ్యి.”