తాంబూలాలయ్యేదాకా

“అరిసినావంటే నీ కూతురి నిశ్చితార్థం ఇక్కడితో సరి.”

ఉమాశంకర్ భార్య నోటిని అరచేత్తో మూశాడు. కిరణ్మయి కళ్ళు మంచం మీద నుంచి కదలడం లేదు. మంచం మీద అతని తల్లి జోగమ్మ. టీ ఇద్దామని లేపితే లేవలేదు. ఒళ్ళు ఎప్పుడో చల్లబడిపోయింది.

తొమ్మిదిన్నరయింది. పదకొండుకి పెళ్ళివారు వస్తారు. నిమ్‌పురాలో వాళ్ళ రైల్వే క్వార్టర్ ముందు షామియానా లేచింది. నలభై కుర్చీలు దిగాయి. పెరట్లో బెంగాలీ వంటవాడు బూరెల మూకుడు పొయ్యిమీద పెట్టాడు.

“మైలింట్లో తాంబూలాలేటండి? పాపం కాదేటి?” చేయి తప్పించుకుని అంది కిరణ్మయి.

“పాపం నాది. రెండు సంబంధాలు సేతిదాకా వొచ్చి పోయినాయి. ఇది బయటపడితే ఏడాది ఆగాల. ఆళ్ళు ఆగుతారేటి? పిల్ల మా గుమ్మం తొక్కకముందే సావొచ్చిందని ఇంకో ఇల్లు సూసుకుంటారు.”

“మరి ఇందూకి...”

“దానికి అసలే సెప్పకు. తాంబూలాలయ్యేదాకా మా అమ్మ బతికే ఉంది. అంతే.”

తల్లిని గోడవైపు తిప్పబోయాడు. ఆమె కొయ్యలా మొత్తం ఒక్కసారే తిరిగింది. దుప్పటి చెవులదాకా కప్పి, కిటికీ మూశాడు. చేతులు వణకలేదు. వణకనందుకు తనమీద తనకే రోత పుట్టింది. అయినా ఆగలేదు. మొహం కడుక్కుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయటికొచ్చాడు.

పక్క క్వార్టర్లో ముస్తాబైన ఇందు పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరుగున వచ్చింది.

“నాన్నా, నానమ్మకి సీర సూపించొస్తాను.”

“మాత్రేసుకుని పడుకుంది. తర్వాత.”

“ఒక్క నిమిషం నాన్నా! నన్ను ఇలాగ సూడాలని నెల్రోజుల నుంచి...”

“తర్వాతన్నానా?”

పిల్ల మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది. కిరణ్మయి కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది.

“ఏటి ఉమాశంకరూ, ఆ మొహమేటి?” కుర్చీలు సర్దుతున్న పక్కింటి టోని నవ్వాడు. “పెళ్ళి నీక్కాదురా బాబూ, పిల్లకి!”

ఉమాశంకర్ కూడా నవ్వాడు. అవసరమైన దానికంటే గట్టిగానే నవ్వాడు.

పెళ్ళివారు పదిన్నరకే దిగారు. పెళ్ళికొడుకు ప్రేమ్‌కుమార్, వాళ్ళ నాన్న రాజశేఖర్, తల్లి పైడమ్మ, ఇంకో నలుగురు. రాజశేఖర్ కుర్చీలో కూర్చోకుండానే పంతులుగారిని అడిగాడు.

“ముహూర్తం కొంచెం ముందుకి జరపలేరేటండి? ఎండ ముదిరిపోద్ది.”

“ఇప్పుడూ మంచి ఘడియే” అన్నాడు పంతులు.

ఉమాశంకర్‌కి ప్రాణం లేచొచ్చింది. “బావ మాటే నా మాట. కానివ్వండి!” అని పళ్ళేలు ముందుకు జరిపాడు.

అప్పుడు లేచింది పైడమ్మ.

“పెద్దమ్మేది అన్నయ్యా? ఈ సంబంధం కుదిర్చిందే ఆవిడ.”

“ఒంట్లో బాగోక పడుకుంది చెల్లెమ్మా. ఇప్పుడే కునుకు పట్టింది.”

“లేపను. కాళ్ళకి దండమెట్టుకుని వొచ్చేస్తాను.”

“గది సర్దలేదు...”

“మనలో మనకి సర్దుడేటి?”

అడ్డంగా నిలబడ్డ ఉమాశంకర్ని చేత్తో పక్కకి జరిపి ఆవిడ తలుపు తోసింది. అతను గుమ్మంలోనే ఉండిపోయాడు.

పైడమ్మ వంగింది. దుప్పటి చివర ఎత్తి రెండు చేతులూ జోగమ్మ పాదాల మీద ఉంచింది. ఆ చేతులు అలాగే ఆగిపోయాయి. తర్వాత మెల్లగా దుప్పటి పాదాల మీదికి లాగి, అంచు పరుపు కిందికి దోపింది.

బయట అందరూ ఇటే చూస్తున్నారు. ఇందు కూడా చూస్తోంది.

పైడమ్మ గది బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఉమాశంకర్ మొహంలోకి ఒక్కసారి సూటిగా చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి లేదు. అతని చొక్కా వీపుకి అంటుకుపోయింది.

“దీవించింది” అంది గట్టిగా. “పంతులుగారూ, మంత్రాలు తొందరగా కానివ్వండి.”

తాంబూలాలు మారాయి. ఉంగరాలు తొడిగారు. ఇందు సిగ్గుతో తల వంచుకుంది. ఉమాశంకర్ ప్రతి వరుసలోనూ తిరిగి బూరెలు కొసరి కొసరి వడ్డించాడు. వడ్డిస్తున్నంతసేపూ వీపు మీద పైడమ్మ చూపు తగులుతూనే ఉంది. ఏం అడుగుతుంది? ఎప్పుడు అడుగుతుంది? అందరి ముందూ అడుగుతుందా?

ఆవిడ విస్తరి ముందు కూర్చుంది గానీ మెతుకు నోట పెట్టలేదు. రాజశేఖర్ రెండు ముద్దలు మింగి చేయి కడిగేశాడు.

“అదిరిపోయింది ఉమాశంకరూ! ఈ లైన్లో ఇలాంటి భోజనం ఎవడూ ఎట్టలేదు” అని టోని త్రేన్చాడు.

పన్నెండున్నరకల్లా పెళ్ళివారు ఆటోల్లో సర్దుకున్నారు. పైడమ్మ ఒక్కతే ఎక్కలేదు. కనుసైగతో ఉమాశంకర్ని పందిరి రాట పక్కకి పిలిచింది.

“చెల్లెమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను. నా పిల్ల...”

“ఊరుకో అన్నయ్యా. తాంబూలాలయిపోయినాయి. మనమిప్పుడు ఒకటే.” ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “రెండూ ఒక్కరోజే అంటే జనం ఊరుకోరు. మీ అమ్మ సంగతి మీరు ఈయాలే సెప్పుకోండి. మా మావగారి సంగతి మేం రేపు సెప్పుకుంటాం. పొద్దున్నే పోయినారు, గదికి తాళమేసొచ్చినాం.”