మీటర్లో ఎర్రలైటు

"ఈ లైటు తీసెయ్యాలి" అన్నాడు మీరావలి, పికప్ మీటర్లో వెలుగుతున్న ఎర్ర గుర్తు చూపించి.

ముసలి మెకానిక్కు లాల్ అహ్మద్ కళ్లజోడు సర్దుకుని తొంగి చూశాడు. ఎయిర్‌బ్యాగ్ పనిచేయడం లేదని చెప్పే లైటు.

"తీసెయ్యకూడదబ్బాయ్. ఎందుకు వెలుగుతోందో చూడాలి."

"చాలామంది చూశారు. ఆరితే రెండు రోజులు, మళ్లీ వెలుగుద్ది. ఆ బల్బు పీకెయ్, చాలు."

"పీకను."

నరసరావుపేట రోడ్డులో మీరావలి ఎక్కిన పద్నాలుగో షెడ్డు అది.

లైటు ఎందుకు ఆరడం లేదో అతనికి తెలుసు. సీటు కింద పసుపు రంగు ప్లగ్గు తనే ఊడదీస్తున్నాడు. మెకానిక్కులు సరిచేయడం, అతను మళ్లీ ఊడదీయడం. నాలుగు నెలలుగా ఇదే పని.

అది ఎర.

ఏడాది కిందట అతని తమ్ముడు గౌస్ బాషా ఇలాంటి పికప్‌లోనే మిరపకాయల లోడుతో గుంటూరు యార్డుకు పోతూ లారీని గుద్దాడు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోలేదు. నుజ్జయిన బండిని విప్పితే మీటర్లో ఆ లైటు బల్బే లేదు. ఎవడో పీకేశాడు.

ఇరవై ఆరేళ్ల తమ్ముడు పోయాడు.

బల్బు పీకినవాడు దొరికితే వాడి చేతులు విరిచేస్తానని మీరావలి ఒట్టేసుకున్నాడు.

లాల్ అహ్మద్ సీటు కింద తడిమాడు.

"ఈ ప్లగ్గు ఊడింది కాదు. ఊడదీసింది."



ప్లగ్గు బిగించి తాళం తిప్పాడు ముసలాయన. లైటు ఆరలేదు.

ఈసారి మీరావలే ఉలిక్కిపడ్డాడు.

"ఈమధ్య హారన్ మోగీ మోగనట్టు ఉంటోందా?"

"అవును."

"హారన్‌కీ, ఎయిర్‌బ్యాగ్‌కీ స్టీరింగు కింద ఒకటే చుట్టతీగ. అది తెగింది. నీ బండికి నిజంగానే జబ్బుంది."

బ్యాటరీ తీగ ఊడదీసి పక్కన పెట్టాడు.

"పది నిమిషాలు ఆగాలి. కరెంటంతా దిగాక గానీ స్టీరింగు ముట్టుకోకూడదు. తొందరపడితే సంచి మొహం మీదే పేలుద్ది."

ఆ పది నిమిషాలూ ముసలాయన మీరావలినే చూస్తూ కూర్చున్నాడు. ఏదో అడగబోయి రెండుసార్లు ఊరుకున్నాడు. తర్వాత లోపల్నుంచి కొత్త చుట్టతీగ తెచ్చి బిగించాడు. తాళం తిప్పితే లైటు ఒక్కసారి వెలిగి ఆరిపోయింది.

మీరావలి విసుగ్గా బండెక్కబోయాడు. ముసలాయన తలుపు పట్టుకున్నాడు.

"అబ్బాయ్, ముందు అద్దం మీద జానీబీ అని రాసిన బండి... దానికీ ఇదే తెగింది."

జానీబీ అతని తల్లి. తమ్ముడు ఆ పేరు తన బండి మీద రాయించుకున్నాడు. మీరావలి ఏ షెడ్డులోనూ ఆ మాట ఎత్తలేదు.

"ఆ బండి నువ్వు చూశావా?"

"నేనే విప్పాను. అసలు ఆ రోజు..."

మీరావలి మిగతాది విననే లేదు. సీటు వెనక నుంచి ఇనపరాడ్డు లాగాడు.

"ఈ చేతుల్తోనేగా పీకావ్!"

మొదటి దెబ్బ కుడిచేతి వేళ్ల మీద పడింది. రెండోది ఎడమచేతి మీద.

"ఒక్క మాట విను" అన్నాడు ముసలాయన నేల మీద కూలబడి.

మూడోది కూడా పడింది.

ఆ రోజు మీరావలి ఏడాది తర్వాత కడుపునిండా తిన్నాడు. పోలీసులొస్తే చెప్పాల్సింది సిద్ధం చేసుకున్నాడు. ఎవరూ రాలేదు. తప్పు చేసినవాడు నోరెలా ఎత్తుతాడనుకున్నాడు.

రెండు నెలలు గడిచాయి. చిలకలూరిపేట దాటాక, తెల్లవారుజామున మంచులో, రోడ్డు మీద ఆగి ఉన్న పత్తి ట్రాక్టరు చివరి క్షణం దాకా కనపడలేదు.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా తెల్లటి సంచి. ముక్కులోంచి కాస్త రక్తం. అంతే.

"ఆ సంచి తెరుచుకోకపోతే స్టీరింగు గుండెల్లో దిగేదయ్యా!" అన్నాడు ట్రాక్టరు మనిషి.

మీరావలికి ఆ మాట తర్వాత నిద్ర పట్టలేదు. తన బండికి అంత శ్రద్ధగా బిగించినవాడు తమ్ముడి బండికి బల్బు ఎందుకు పీకుతాడు?

వారం తిరక్కుండా షెడ్డుకు వెళ్లాడు. ఒకావిడ పానాలు గోనెసంచిలో వేస్తోంది.

"లాల్ అహ్మద్ గారు..."

"మా నాన్నేనన్నా. నా పేరు సిద్దికా. షెడ్డు ఎత్తేస్తున్నాం. జాకీ జారి రెండు చేతులూ నలిగిపోయాయి. వేళ్లు ముడుచుకోవు. దర్శిలో మా ఇంటికి తీసుకుపోయాను. అన్నం కూడా నేనే కలిపి పెట్టాలి."

ముసలాయన జాకీ జారిందని చెప్పాడు!



"జానీబీ అని రాసిన బండి ఒకటి... ఇక్కడికి వచ్చిందా అమ్మా?"

"ఎందుకు రాలేదు! ఆ అబ్బాయీ బల్బు పీకమనే వచ్చాడు. నాన్న కుదరదన్నాడు. చుట్టతీగ తెగింది, గుంటూరు నుంచి తెప్పిస్తా, రెండ్రోజులు ఆగమన్నాడు. అబ్బాయికి లోడు తొందర. వేరేచోట పీకించుకుని పోయాడంట."

"తర్వాత?"

"చుట్టతీగ వచ్చింది, అబ్బాయి రాలేదు. కుర్రాడి ప్రాణాల మీదికొస్తుందని నాన్న అది చేత పట్టుకుని ఇల్లు వెతుక్కుంటూ వినుకొండ వెళ్లాడు. తీరా వెళ్లేసరికి వాకిట్లోంచి ఆ అబ్బాయి శవంతో జనాజా లేస్తోంది. చుట్ట ఏడాదిపాటు అలమరలోనే ఉంది. చేతులు పోయిన రోజు పొద్దున్నే ఎవరి బండికో బిగించాడంట."

 

సిద్దికా గోనెసంచి మూతి ముడి వేస్తూ అంది:

"ఆ రోజు జనాజా మోస్తూ ఆ అబ్బాయి అన్నయ్య తూలి పడిపోబోతుంటే, రెండు చేతులా పట్టుకుని ఖబరస్తాన్ దాకా నడిపించింది మా నాన్నేనన్నా."