సారె పసుపు

కొత్తవలసలో చెల్లెలింటి స్విమ్మింగ్ పూల్ కట్టింది జగన్నాధమే. నీళ్లు తగ్గిపోతుంటే లీకు వెతకడానికి తనే దిగి, గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు.

చెల్లెలు దుర్గాభవాని చెంబులో పసుపు కలిపి గోడల వెంబడి పోసింది. లీకుంటే పసుపు అటే పోవాలి. ఎక్కడా కదల్లేదు.

“సెప్పాను కదేటే! ఎండకి ఇగిరిపోతన్నాయి.”

“అన్నయ్యా, ఓపాలి జరుగు.”

“ఇక్కడేటుంటాది?”

ఆమే నీళ్లలోకి దిగి, అతన్ని పక్కకు జరిపింది. అక్కడ పోసిన పసుపు దారంలా సాగి గోడ పగులులోకి పోయింది.

“నీకు ముందే తెల్సు కదా?”

జగన్నాధం తల దించుకున్నాడు.

“మా అన్నయ్య పనికి వంక పెట్టారని మా ఆయనతో మాటలు మానీసాను.”

“భవానీ...”

ఆమె చెంబులో మిగిలింది గట్టు మీద పారబోసింది.

“ఇది నువ్వు సారెలో ఎట్టిన పసుపే.”