వణికే చేతికి చుక్క రాలదు

నూకరత్నానికి అన్నిటికన్నా ఎక్కువ భయం, తన భయమంటేనే. ఇప్పటి ఇంజన్లు హ్యాండిల్ పట్టిన చేతిని చదువుతాయి. చెయ్యి వణికితే చుక్క డీజిల్ వదలవు.

ఆ మధ్యాహ్నం తన ఆటో నడుపుకుంటూ ఆసుపత్రికి వెళుతుంటే, జ్వరంతో ఉన్న మూడేళ్ల కూతురికి మారేడుమిల్లి ఘాట్‌లో ఫిట్స్ వచ్చాయి. నూకరత్నం చేతులు వణికాయి. ఆటో ఆగిపోయింది.

"ప్రశాంతంగా ఊపిరి తీసుకోండి," అంది ఆటో తియ్యటి గొంతుతో.

వెనక సీట్లో పాపను ఒళ్లో పెట్టుకున్న పక్కింటి గవర్రాజు ఒకప్పటి డీజిల్ మెకానిక్కు. "మా రోజుల్లో పంపు తిరిగితే ఆయిలు దిగేదే. నీ గుండెతో దానికేం పనే?" అన్నాడు.

"నువ్వు నడుపు బాబాయ్!"

"నా చెయ్యి దానికి తెలీదే అమ్మా. విప్పుదామంటే చెయ్యి చదివే ఆ పెట్టికి ఒక్క స్క్రూ అయినా లేదు. పోనీ నవ్వవే, మోసపోద్దేమో."

ఆమె నవ్వింది. ఇంజను మోసపోలేదు.

"రత్నం, పిల్ల కళ్లు తేలేస్తందే!"

నూకరత్నం వెనక్కి చూడలేదు. చూస్తే చెయ్యి ఇంకా వణుకుతుంది. కళ్లు మూసుకుని, తన చేతులను జోకొట్టడానికి జోలపాట అందుకుంది.

ఆ దారిన వెళ్లేటప్పుడు మీకు ఆగిన ఆటోలోంచి జోలపాట వినబడితే, ఎవరో పాపను నిద్రపుచ్చుతున్నారులే అనుకుని సాగిపోకండి. దయచేసి దిగి, వెనక సీట్లోకి ఒక్కసారి చూడండి.