వినడానికి వచ్చిన మనిషి

ధర్మతేజ ఈసారి కూడా నోరు విప్పేలా కనిపించలేదు.

కౌన్సెలర్ అనూహ్య గది నర్సీపట్నం అబీద్ సెంటర్లో, ఒక మందుల షాపు పైన ఉంది. కృష్ణదేవిపేట నుంచి వరలక్ష్మమ్మ అతన్ని వారం వారం బస్సులో తీసుకొచ్చి అక్కడ కూర్చోబెడుతోంది. ఆటోలో అయితే త్వరగా వచ్చేయవచ్చు. కానీ ఆటో కనిపిస్తే చాలు, అతను రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోతాడు. మొన్న వానాకాలం దాకా ఆ రూట్లో షేర్ ఆటో నడిపింది అతనే.

తొలకరి వానలో ఆటో తిరగబడింది. వరలక్ష్మమ్మ కూతురు సత్యశ్రీ చనిపోయింది. అతనికి మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. అనూహ్యకు తెలిసింది ఇంతవరకే. అదీ వరలక్ష్మమ్మ చెబితేనే.

కళ్ళు మూసుకుని ఆ రోజును గుర్తు చేసుకోమంటే ధర్మతేజ మూసుకున్నాడు. తెరవమంటే తెరిచాడు.

"అన్నం తింటున్నాడా?" వరలక్ష్మమ్మను అడిగింది అనూహ్య.

"నేనెదురుగా కూకుంటే తింటాడండి. నేను లేస్తే ఆడూ లేసిపోతాడు."

"ఎప్పుడైనా ఏడ్చాడా?"

"లేదండి. ఏడవమని నేనూ సెప్పేను. సెప్తే వస్తాదేటండి అది?"

టేబుల్ మీది డబ్బాలోంచి వరలక్ష్మమ్మ ఒక టిష్యూ లాగి అతని మెడ మీది చెమట తుడిచింది. ఇన్ని వారాల్లో ఆ డబ్బాకు దొరికిన పని అదొక్కటే.

ఒక సంగతి అనూహ్య గమనించింది. ధర్మతేజ మాటను పెదవుల దాకా తెచ్చుకుంటాడు. ఒకసారి వరలక్ష్మమ్మ వైపు చూస్తాడు. మింగేస్తాడు.

"అమ్మా, మీరు కాసేపు బయట కూర్చుంటారా?"

"కూకోనండి."

"మీ ముందు చెప్పలేకపోతున్నాడేమో. దాన్ని లోపల దాచుకున్నన్నాళ్ళూ అతను ఆ రోడ్డు మీదే ఉండిపోతాడు. ఒకసారి బయటపెట్టాలి. చాలా బాధగా ఉంటుంది. అయినా పెట్టాలి."

"పెట్టాలనే కదండీ తీసుకొచ్చేను. నా ముందే పెట్టాల." అతని వైపు తిరిగింది. "సెప్పు బాబూ. నాకేటవదు. ఇనడానికే వచ్చేను."

కింద ఎవరో దగ్గు మందు అడుగుతున్నారు. ఆ బేరం తేలేదాకా ధర్మతేజ ఆగాడు.

"అందరూ దిగిపోయేరు. సత్యశ్రీ ఒక్కతే ఉంది. వాన. గేదె అడ్డొచ్చింది. తిప్పేసేను." మోచేతి మీది మచ్చ తడుముకున్నాడు. "నేను లేసి సూసేసరికి బురదలో పడుంది. తల నా ఒళ్ళో ఎట్టుకున్నాను. మాటాడింది."

"ఏటంది?" వరలక్ష్మమ్మ గొంతు మామూలుగానే ఉంది.

"అన్నా, అమ్మకి సెప్పకు, బెంగెట్టుకుంటాది, అంది. సెప్పనన్నాను."

"ఇంకా?"

"అంతేనమ్మా. నా సెయ్యట్టుకుంది. కాసేపటికి ఒగ్గేసింది."

"నొప్పని గాని అందా?"

"అన్లేదమ్మా."

అప్పుడు ఏడ్చాడు. ముక్కు కారేలా, షాపులోవాళ్ళు బయటికొచ్చి తలెత్తి చూసేలా ఏడ్చాడు. అనూహ్య ఆపలేదు. డబ్బాను అతని వైపు జరిపింది. వరలక్ష్మమ్మ అతని తలను తన భుజానికి ఆనించుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంది. ఏదో మాటను బట్టీ పడుతున్నట్టు ఆమె పెదవులు మాత్రం కదులుతున్నాయి.

అతను ముఖం కడుక్కోవడానికి లేచి వెళ్ళాక, అనూహ్య ఆమె పక్క కుర్చీలోకి మారింది.

"కూతురు పోయిన దుఃఖంలో కూడా కొడుకుని దక్కించుకున్నారమ్మా. ఇక మీ అబ్బాయి తేరుకుంటాడు."

వరలక్ష్మమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకున్నది అదొక్కత్తేనండి," అంది, "ఈ బాబు ఆ రోజు అదెక్కిన ఆటో తోలినోడు."